చిలుకలగుట్ట దగ్గర ఆగిన కెమెరా

డాక్యుమెంటరీ సినిమాలకు డబ్బిచ్చే సంస్థల దరఖాస్తు ఫారాలను నేను కొన్నేళ్ళుగా ఒక సాహిత్య ప్రక్రియలాగే చదువుతున్నాను. కథకీ నవలకీ ఉన్నట్టే వాటికీ ఒక నిర్మాణం ఉంది. ఎవరి గొంతు వినాలి, ఏది కథ అవుతుంది, ఏది కాదు అన్న విషయంలో గట్టి అభిప్రాయాలున్నాయి. సినిమా బయటికొచ్చాక విమర్శించడానికి మనలో చాలామందిమి సిద్ధంగా ఉంటాం. స్త్రీని ఎలా చూపించారు, దళిత స్త్రీని ఎలా చూపించారు, ఆదివాసీ స్త్రీ అసలు కనబడిందా అని పేజీలకు పేజీలు రాస్తాం. షూటింగ్‌కి ఏడాది ముందే ఆ చూపుని సగం నిర్ణయించేసిన నాలుగు పేజీల కాయితం జోలికి మాత్రం వెళ్ళం. డబ్బు సంగతి మాట్లాడ్డం సాహిత్యకారులకు ఎప్పుడూ కాస్త నామోషీ.

ఇప్పుడు రాయాలనిపించడానికి కారణం ఇద్దరు కోయ అమ్మాయిలు. వాళ్ళది తాడ్వాయి మండలం. మనలో పాతవాళ్ళం ఇంకా వరంగల్ జిల్లా అనే అంటాం గానీ 2016లో అది భూపాలపల్లి జిల్లాలోకి, 2019లో ములుగు జిల్లాలోకి వెళ్ళింది. పేర్లు రాయొద్దన్నారు, రాయను. ఇద్దరూ డిగ్రీ చదివారు. ఒకామె పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే షాపులో రెండేళ్ళు పనిచేసింది. మేడారం జాతర మీద సినిమా తియ్యాలనుకుని ఒక విదేశీ ఫండ్‌కి దరఖాస్తు రాసుకుని, ఇంగ్లీషు చేసిపెట్టమని నా దగ్గరికొచ్చారు. రెండు రోజుల పని అనుకున్నాం. మూడు వారాలు పట్టింది. ఇంగ్లీషు కష్టమై కాదు. ఫారంలోని ప్రశ్నలను ముందు తెలుగులోకి తెచ్చుకుంటే తప్ప వాళ్ళు జవాబు చెప్పలేరు, ఆ ప్రశ్నలేమో తెలుగులోకి రానంటాయి.

మీ ప్రధాన పాత్ర ఎవరు? సినిమా మొదట్లో ఆమె ఎక్కడుంది, ముగిసేసరికి ఎక్కడికి చేరుతుంది? ఈ కథ ఇప్పుడే ఎందుకు చెప్పాలి? ఆ పాత్ర జీవితంలోకి మీకున్న యాక్సెస్ ఎలాంటిది? ఇలాంటివి ఒక్క ఫండ్ ఫారంలోనే కాదు, నేను చూసిన చాలావాటిలో ఉన్నాయి. ‘ఇప్పుడే ఎందుకు’ అన్నదానికి పెద్దామె వెంటనే జవాబు చెప్పింది. “మాఘ పున్నమికి వస్తది గదక్కా జాతర, మళ్ళ రెండేండ్లు ఆగాలె.” ఆ ఫండ్ ఫలితాలు జాతర అయిపోయిన రెండు నెలలకు వస్తాయి. అది వేరే సంగతి.

యాక్సెస్ దగ్గర మాత్రం ఆగిపోయాం. అందుబాటు అందామా? ప్రవేశం అందామా? చనువు అంటే సరిపోతుందా? చొరవ అన్నాను నేను. చిన్నామె కాసేపు ఆలోచించి “చొరబడనిస్తరా అని అడుగుతున్నట్టున్నది” అంది.

నేనిక్కడ మేడారం గురించి కొంచెం చెప్పాలి. తెలిసిన కథే అయినా, సినిమా తీసే మనిషి కంటితో చూస్తే వేరేగా కనబడుతుంది. కరువుకాలంలో కప్పం కట్టలేదని కాకతీయ ప్రతాపరుద్రుడి సైన్యం మేడారం మీదికొస్తే పగిడిద్దరాజు, సారలమ్మ, గోవిందరాజు, జంపన్న పోరాడి చనిపోయారనీ, గాయపడ్డ సమ్మక్క చిలుకలగుట్ట వైపు వెళ్ళి అదృశ్యమైందనీ, వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళకు కుంకుమభరిణె దొరికిందనీ కథ. ఇందులో చరిత్ర ఎంత అన్నది చరిత్రకారులు వాదించుకుంటారు. కోయలకు అందులో సందేహం లేదు. కాకతీయుల కాలపు రామప్ప గుడి కూడా ఇదే ములుగు జిల్లాలో ఉంది. దాన్ని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ప్రపంచానికి చూపించాలంటే రాయి సులువు. సమ్మక్కకు విగ్రహమే లేదు. గద్దె, వెదురుకర్ర, కుంకుమభరిణె, మొక్కుగా తెచ్చిన బెల్లం - ఆ బెల్లాన్నే అక్కడ బంగారం అంటారు.

జాతర నాలుగు రోజులు. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తుంది. పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు వస్తారు. గురువారం సాయంత్రం చిలుకలగుట్ట మీంచి సమ్మక్క దిగుతుంది. ఆ గుట్ట మీదికి వడ్డెలు తప్ప ఎవరూ వెళ్ళరు. అక్కడ చేసే పూజ ఎవరూ చూడరు. దిగి వచ్చేటప్పుడు జిల్లా పోలీసు అధికారి గాల్లోకి తుపాకీ పేల్చి స్వాగతం చెబుతాడు. అప్పటినుంచీ అన్ని కెమెరాలకూ పండగే. కోటిమందికి పైగా వస్తారని ప్రభుత్వాలు చెబుతుంటాయి. 1996లో రాష్ట్ర పండగైంది. 2024 ఫిబ్రవరి జాతర నాటికి జంపన్నవాగు దగ్గర మనిషి తల మీద డ్రోన్ ఎగరని క్షణం లేదు.

అంటే ఇంత విపరీతంగా కనబడే జాతరకు మధ్యలో కనబడనిది ఒకటుంది. చూడకూడనిదాని చుట్టూ ఆ నాలుగు రోజులూ తిరుగుతాయి. దీన్ని సినిమా తియ్యాలనుకున్నవాళ్ళు మొట్టమొదట తేల్చుకోవాల్సిందీ ఇదే. ఫారం మాత్రం ఆ గుట్ట మీదికి మీరు వెళ్ళగలరా, వెళ్ళగలిగితే మిగతా దరఖాస్తుదారుల కంటే మీకు అదే బలం అంటుంది. సూటిగా ఇలా అనదు. ‘విశిష్టమైన యాక్సెస్’ అంటుంది.

కోయ ఆడపిల్లలు కాబట్టి వీళ్ళకు ఆ విశిష్టత ఉంటుందని ఢిల్లీలో ఒక వర్క్‌షాప్‌లో ఎవరో చెప్పారట. ‘లోపలివాళ్ళు’ కావడమే మీ పెట్టుబడి అన్నారట. నాకు ఆ మాట వినగానే ఒళ్ళు మండింది. లోపలివాళ్ళు కావడమంటే లోపలి విషయాలు బయటికి చేరవెయ్యగలగడం అనే అర్థం ఎప్పుడొచ్చింది? ఇంట్లో కోడలి ఏడుపు గురించి రాయమని మనల్ని అడిగిన పత్రికలవాళ్ళు, అదే ఇంట్లో ఆమె చదివిన పుస్తకాల గురించి రాస్తానంటే ఆసక్తి చూపించకపోవడం మనలో చాలామందికి అనుభవమే కదా.

నేనిక్కడ విదేశీ డబ్బు చెడ్డది, స్వదేశీ డబ్బు మంచిది అని చెప్పబోవడం లేదు. స్త్రీవాద సినిమా చరిత్ర అలా చెప్పనివ్వదు.

1980లో అభా భయ్యా, దీపా ధన్‌రాజ్, నవ్‌రోజ్ కాంట్రాక్టర్, మీరా రావు కలిసి యుగాంతర్ అనే బృందం పెట్టుకున్నారు. నాలుగు సినిమాలు తీశారు. పుణె ఇంటిపనివాళ్ళ సంఘం మీద ‘మోల్‌కరీణ్’, నిపాణి పొగాకు కార్మిక స్త్రీల మీద ‘తంబాకు చాకిల ఊబ్ ఆలీ’. మూడోది మన హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటనతో కలిసి 1983లో తీసిన ‘ఇది కథ మాత్రమేనా?’. తర్వాత మూడేళ్ళకు ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చిన సంఘటన అదే. ఇంట్లో హింస గురించి సభ్యులు తమలో తాము చెప్పుకున్న అనుభవాల్లోంచి అల్లుకున్న సినిమా. ఇది ఫలానా ఆమె కథ అని వేలు పెట్టి చూపించలేం. అది ఎవరి కథో చెప్పకపోవడమే దాని ధైర్యం. నాలుగోది ‘సుదేశ’. చిప్కో ఉద్యమంలోని ఒక స్త్రీ గురించి. ఆమె పేరే సినిమా పేరు.

ఈ నాలుగింటిలో ‘సుదేశ’ ఒక్కదానికే జర్మనీ నిర్మాణ సంస్థ ఉంది. మూడో ప్రపంచ దేశాల స్త్రీ దర్శకుల చేత ఆయా దేశాల స్త్రీల గురించి సినిమాలు తీయించిన ఒక సిరీస్‌లో భాగం అది. సెనెగల్ నుంచి సఫీ ఫాయ్ తీసిన ‘సెల్‌బె’, ఈజిప్టు నుంచి అతియాత్ అల్ అబ్నూదీ తీసిన ‘పర్మిసిబుల్ డ్రీమ్స్’ అదే సిరీస్‌లోవి. ఆ రెండూ గొప్ప సినిమాలు. రెండూ ఒక్కో స్త్రీ చుట్టూ నడిచేవే. యుగాంతర్ తమంతట తాము తీసుకున్న మూడింటిలోనూ గుంపు మాట్లాడుతుంది, గుంపు ఊరేగుతుంది, గుంపు ఏడుస్తుంది. విదేశీ సిరీస్‌కి తీసినదాంట్లో ఒక్క స్త్రీ నిలబడింది. ఇది యాదృచ్ఛికం అని నేననుకోను. ఆ సిరీస్‌కి చెడు ఉద్దేశాలున్నాయనీ అనుకోను. దూరదేశపు టెలివిజన్ ప్రేక్షకురాలికి అర్థం కావాలంటే ఒక ముఖం పట్టుకుని నడవాలి అన్నది వాళ్ళ లెక్క. ‘ప్రధాన పాత్ర ఎవరు’ అన్న ప్రశ్న 40 ఏళ్ళ తర్వాత ఫారంలో అచ్చయి ఉందంటే అది ఇలాంటి లెక్కల్లోంచి వచ్చిందే.

మరోవైపు, ఆ యుగాంతర్ సినిమాలను ఇవాళ మనం చూడగలుగుతున్నామంటే దానికి కారణం బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ వాటిని డిజిటైజ్ చేయడమే. హైదరాబాదు స్త్రీల సినిమా బతకడానికి బెర్లిన్ వెళ్ళాల్సొచ్చింది. కుటుంబ నియంత్రణ పేరుతో పేద స్త్రీల శరీరాల మీద జరిగిన దాడి గురించి దీపా ధన్‌రాజ్ 1991లో తీసిన ‘సమ్‌థింగ్ లైక్ ఎ వార్’ బ్రిటన్‌లోని చానెల్ ఫోర్ కోసం తీసింది. మన ప్రభుత్వ కార్యక్రమాన్ని అంత నిలదీసే సినిమాకి మన ప్రభుత్వ సంస్థ డబ్బిస్తుందని అప్పుడెవరూ ఎదురుచూడలేదు, ఇప్పుడూ చూడరు. అదే దర్శకురాలు 2018లో రోహిత్ వేముల మరణం తర్వాతి ఉద్యమం గురించి ‘వుయ్ హ్యావ్ నాట్ కమ్ హియర్ టు డై’ తీసింది. అందులో మళ్ళీ గుంపే మాట్లాడుతుంది. కాబట్టి డబ్బు ఏ దేశానిది అన్నదాని కంటే, అది ఏ ప్రశ్నతో వస్తుంది అన్నదాన్నే చూడాలని నా వాదన.

ప్రశ్న తామే వేసుకున్నవాళ్ళు మన పక్కనే ఉన్నారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు 1990ల చివర్లో వీడియో నేర్చుకున్నారు. దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన పి.వి. సతీష్ ఆ శిక్షణ వెనక ఉన్నారు (ఆయన 2023లో చనిపోయారు). బడి మొహం చూడని స్త్రీలు కెమెరా కోణాలకు పెట్టుకున్న పేర్లు నేను ఏ క్లాసులో చెప్పినా పిల్లలు ముందు నవ్వుతారు, తర్వాత నిశ్శబ్దమైపోతారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. కింద నుంచి పైకి చూసేది బానిస షాట్. కంటికి కన్ను సమానంగా పెట్టి తీసేది సంఘం షాట్. కెమెరా ఎత్తులో అధికారం ఎలా ఉంటుందో వాళ్ళు పటేల్ వాకిట్లో నేర్చుకుని వచ్చారు. మనం ఇంగ్లీషు పుస్తకాల్లో చదివి నేర్చుకున్నాం.

వీళ్ళు కెమెరా పట్టుకుని మన వరంగల్ వచ్చారు. 2002 మార్చిలో బి.టి. పత్తికి కేంద్రం అనుమతి ఇచ్చింది. ఆ మొదటి పంట వేసిన వరంగల్ రైతుల దగ్గరికి వెళ్ళి, వాళ్ళతో మాట్లాడి, 2003లో ‘వరంగల్ రైతులకు బి.టి. పత్తి మీద కోపం ఎందుకొచ్చింది’ అన్న అర్థమొచ్చే పేరుతో సినిమా విడుదల చేశారు. వ్యవసాయం చేసే స్త్రీలు కాబట్టి, కాయ ఎంత పట్టింది, పింజె ఎంత పొడుగుంది, ఎరువుల కొట్టులో ఎంత బాకీ అయింది అని అడిగారు. రైతు ఏడుపు మీద కెమెరా ఆపలేదు. తర్వాత కొన్నేళ్ళకు ఇదే స్త్రీల బృందం దక్షిణాఫ్రికా, మాలి, ఇండోనేషియా, థాయిలాండ్ పత్తి రైతుల దగ్గరికి కూడా కెమెరాతో వెళ్ళింది. అంతర్జాతీయ సహకారం అన్న మాటకు నాకు తెలిసిన అందమైన అర్థం ఇదే. మాలి రైతు ముందు కూర్చున్న మెదక్ దళిత స్త్రీకి భాష తెలియదు, కానీ చెట్టుకు కాయలెన్ని అని అడగడం తెలుసు. అక్కడ విదేశీ డబ్బు ప్రశ్న తేలేదు, ప్రశ్న ముందే ఉంది, డబ్బు విమానం టిక్కెట్టు కొంది.

ఆ సినిమాలకూ బలహీనతలున్నాయి. వాదన ముందే తేలిపోయి ఉంటుంది. బి.టి. వేసి లాభపడ్డానన్న రైతుకు వాటిలో చోటు తక్కువ. సంస్థ గొంతూ స్త్రీల గొంతూ ఎక్కడ విడిపోతాయో చెప్పడం కష్టం. వాళ్ళ మీద గౌరవం కొద్దీ ఈ మాట దాచిపెట్టడం వాళ్ళను చిన్నపిల్లలుగా చూడడమే అవుతుంది.

ఇప్పుడు చట్టం సంగతి. ఇది విసుగ్గా ఉంటుంది గానీ తప్పదు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 1976లో వచ్చింది, 2010లో కొత్త రూపం తీసుకుంది, 2020లో సవరణ జరిగింది. సాంస్కృతిక కార్యక్రమానికి విదేశీ విరాళం తీసుకోవాలంటే నమోదైనా ఉండాలి, ముందస్తు అనుమతైనా ఉండాలి. ఇద్దరు కోయ అమ్మాయిలకు ఈ రెండూ లేవు. నమోదైన ఒక స్వచ్ఛంద సంస్థ ద్వారా తీసుకుందామంటే, 2020 సవరణ ప్రకారం ఆ సంస్థ విదేశీ విరాళాన్ని మరొకరికి బదిలీ చెయ్యకూడదు. పరిపాలన ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20కి దిగింది. వార్తలు, వర్తమాన వ్యవహారాల దృశ్య కార్యక్రమాలు తయారుచేసే సంస్థలు అసలు తీసుకోనే కూడదని 2010 చట్టమే చెప్పింది. డాక్యుమెంటరీ ఎక్కడ ముగిసి వర్తమాన వ్యవహారం ఎక్కడ మొదలవుతుందో ఎవరు చెబుతారు?

మిగిలిన దారి వ్యాపారం. మామూలు వ్యాపారంలో చేసిన పనికి తీసుకునే రుసుము విరాళం కిందికి రాదు. అందుకని సినిమావాళ్ళు ఏదో ఒక నిర్మాణ కంపెనీ పేరు మీద సహనిర్మాణ ఒప్పందం రాసుకుంటారు. తప్పేం లేదు, అంతా చట్టబద్ధమే. కానీ దీని పర్యవసానం ఆలోచించండి. విరాళమైతే ఇచ్చినవాడు ఇచ్చి పక్కకు తప్పుకుంటాడు. రుసుమైతే కొనుక్కుంటాడు. ఫుటేజి ఎవరిది, ఎన్ని దేశాల్లో ఎన్నేళ్ళు వాడుకోవచ్చు, చివరి ఎడిటింగ్ మీద ఎవరి మాట చెల్లుతుంది అన్నవన్నీ ఆ ఒప్పందంలో ఉంటాయి. విదేశీ ప్రభావాన్ని అడ్డుకోవాలని తెచ్చిన చట్టం, ఆదివాసీ జాతర దృశ్యాలను విదేశీ కంపెనీకి పూర్తిగా రాసివ్వాల్సిన పరిస్థితిలోకి చిన్న దర్శకుల్ని నెడుతోంది. ఈ వైరుధ్యం గురించి చట్టసభలో ఎవరైనా అడిగితే బాగుండు.

ప్రభుత్వమూ సహనిర్మాణాలను ప్రోత్సహిస్తోంది. 2022లో కాన్ ఉత్సవంలో ప్రకటించిన పథకంలో ఖర్చులో 30 శాతం, 2 కోట్ల దాకా తిరిగిస్తామన్నారు. 2023 నవంబర్‌లో దాన్ని 40 శాతం, 30 కోట్ల దాకా పెంచారు. శాతం లెక్క అంటే ముందు ఖర్చు పెట్టగలిగినవాళ్ళకే. జాతర నాలుగు రోజులూ కెమెరా అద్దె ఎలాగా అని ఆలోచించేవాళ్ళకు అది పక్కింటివాళ్ళ పెళ్ళి భోజనం.

పాత్ర, యాక్సెస్, ఒప్పందం - ఈ మూడూ కలిసి ఎక్కడికి తీసుకెళ్తాయో ఈ మధ్యే రెండుసార్లు చూశాం. బుందేల్‌ఖండ్ దళిత స్త్రీలు నడిపే ‘ఖబర్ లహరియా’ గురించి రింటు థామస్, సుష్మిత్ ఘోష్ తీసిన ‘రైటింగ్ విత్ ఫైర్’ 2021లో సన్‌డాన్స్‌లో బహుమతులందుకుని, 2022లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. ఉత్సవానికి కొద్దిరోజుల ముందు ఖబర్ లహరియా స్త్రీలే ఒక ప్రకటన ఇచ్చారు. సినిమా తమ కథలో ఒక ముక్కనే చూపించిందనీ, ఒక్క పార్టీ మీదనే తమ దృష్టంతా ఉన్నట్టు కనబడుతోందనీ అన్నారు. సినిమా బాగుంది. స్మార్ట్‌ఫోన్ పట్టుకుని గనుల్లోకి నడిచే ఆ స్త్రీలను చూస్తే ఎవరికైనా గర్వంగా ఉంటుంది. అయినా రోజూ వార్తలు రాసే స్త్రీలు, తమ గురించి రాసిన వార్తను సరిచేసుకోవడానికి బయటినుంచి ప్రకటన ఇవ్వాల్సి వచ్చిందంటే, ఎడిటింగ్ గదిలో వాళ్ళకు కుర్చీ లేదనే కదా అర్థం. అంతర్జాతీయ ప్రేక్షకుడికి కథనం పదునుగా ఉండాలి. పదును పెట్టడమంటే చెక్కెయ్యడమే.

రెండోది ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’. ముదుమలై ఏనుగుల శిబిరంలో పనిచేసే ఆదివాసీ దంపతుల కథ. 2023 మార్చిలో ఆస్కార్ వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో ఆ దంపతులు దర్శకురాలికీ నిర్మాతలకూ 2 కోట్లు కోరుతూ లాయరు నోటీసు పంపారని వార్తలొచ్చాయి. ఆరోపణలు నిజం కాదని నిర్మాతలు చెప్పారు. ఎవరిది న్యాయమో తేల్చడం నా పని కాదు. నేను చూసేది మరొకటి. అసలు డాక్యుమెంటరీలో కనబడే మనిషికి డబ్బివ్వకూడదు, ఇస్తే సత్యం చెడిపోతుంది అన్నది ఈ రంగంలో పాత నమ్మకం. కెమెరామన్‌కి జీతమిస్తే సత్యం చెడిపోదు. ఎడిటర్‌కి ఇచ్చినా చెడిపోదు. పొలం పని మానుకుని రోజంతా కెమెరా ముందు కూర్చున్న స్త్రీకి కూలి ఇస్తేనే చెడిపోతుందట! ఇంటిపనికి వెల కట్టమని ఇన్నేళ్ళు వాదించిన మనం ఈ నమ్మకాన్ని ఎందుకు ప్రశ్నించలేదో నాకర్థం కాదు.

మేడారంలో ఈ విషయం మరింత ఇబ్బందిగా ఉంటుంది. జాతర సినిమాల్లో, చానెళ్ళలో తప్పకుండా కనబడేది శివసత్తుల పూనకం. విరబోసుకున్న జుట్టు, పసుపు మొహం, మూతలు పడుతున్న కళ్ళు - కెమెరాలన్నీ అక్కడికే పరిగెత్తుతాయి. పూనకంలో ఉన్న స్త్రీ ఎక్కడ సంతకం పెడుతుంది? పూనకం దిగాక తన మొహం ఏ దేశపు తెర మీద ఆడుతోందో ఆమెకెవరు చెబుతారు? వీళ్ళలో ఎక్కువమంది కోయలు కూడా కారు. దూరాల నుంచి మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన బహుజన కులాల శ్రామిక స్త్రీలు. ఆ అమ్మాయిల ప్రతిపాదనలో శివసత్తులు లేరు. జాతరకు ముందు బుధవారాల్లో గుడిమెలిగె, మండమెలిగె అని చేస్తారు. గుళ్ళు శుభ్రం చేసి, అలికి, ముగ్గులు పెడతారు. అలికేది కోయ స్త్రీలు. అప్పటికి జనం ఉండరు, చానెళ్ళు ఉండవు. ఆ చేతుల మీదే సినిమా తియ్యాలని వాళ్ళ ఆలోచన. అందులో ‘ప్రధాన పాత్ర’ లేదు, ‘మార్పు’ లేదు. పన్నెండుమంది ఆడవాళ్ళు, పేడ, నీళ్ళు, మాటలు.

గుట్ట సంగతి మీద మాత్రం మాలో మాకే పెద్ద వాదన జరిగింది. నేను స్త్రీవాదిగా అడిగాను. ఆ రహస్యం కాపలా కాసేది మగవాళ్ళు కదా, సమ్మక్క పూజారులు మగవాళ్ళు కదా, కనబడనివ్వకపోవడం అనేది గౌరవమా, అధికారమా? మన సంప్రదాయాల్లో ‘చూడకూడదు’ అన్న మాటతో ఆడవాళ్ళను ఎన్ని గదుల బయట నిలబెట్టారు! పెద్దామె ఒప్పుకుంది. “ఆ మాట మేం గూడ అడుగుతం. మా అవ్వలను అడుగుతం, మా వడ్డెలను అడుగుతం. ఇంటి లోపటి పంచాయితీ కెమెరా పెట్టుకోని చెయ్యమక్కా.” నాకు పూర్తిగా తృప్తి కలగలేదు, ఇప్పటికీ లేదు. కానీ ఆ ప్రశ్న ఎప్పుడు, ఎవరి ముందు అడగాలో నిర్ణయించుకునే హక్కు వాళ్ళది. ఫండ్ గడువు తేదీని బట్టి అది తేలకూడదు.

కోయలకు సొంత డాక్యుమెంటరీ సంప్రదాయం ఉందన్న సంగతి కూడా ఆ ఫారంలో రాయడానికి గడి లేదు. డోలీలు కోయ గోత్రాల చరిత్రను కథగానం చేస్తారు. ఆ చరిత్ర పడిగె అనే గుడ్డ మీద బొమ్మలుగా ఉంటుంది. వేల్పుల పండగల్లో దాన్ని విప్పి, బొమ్మలు చూపిస్తూ పాడతారు. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్య గారు తెలుగులోనూ కోయలోనూ సమ్మక్క సారలమ్మల కథ పాడగలిగిన కళాకారుడు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ గార్లు ఆ పడిగెల కోసం, వాద్యాల కోసం ఏళ్ళ తరబడి ఊళ్ళు తిరిగారు. నాకు ఆసక్తి కలిగించేది ఆ పడిగె ప్రదర్శన పద్ధతి. దానికి ప్రేక్షకులెవరో తెలుసు, విప్పే సమయం తెలుసు, చుట్టేసే సమయం తెలుసు. పాడినవాళ్ళకు ఆ గోత్రంవాళ్ళే ఇచ్చుకుంటారు. నిర్మాత, పాత్ర, ప్రేక్షకుడు ఒకే పందిట్లో కూర్చుంటారు.

ఇదంతా పాతకాలపు తీపి కాదు. రాంచీలో ‘అఖ్రా’ సంస్థ నుంచి ఉరావ్ ఆదివాసీ దర్శకుడు బీజూ టొప్పో, మేఘనాథ్‌తో కలిసి ఏళ్ళుగా జార్ఖండ్ ఆదివాసుల మధ్య సినిమాలు తీస్తున్నారు, జాతీయ అవార్డులూ తెచ్చుకున్నారు. మనదేశంలోనే బెంగళూరు ఐ.ఎఫ్.ఎ. లాంటి సంస్థకు మన భాషలోనే దరఖాస్తు రాసుకోవచ్చు. భాష మారితే ప్రశ్న కూడా కొంత మారుతుందని ఈ మూడు వారాల్లో నాకు బాగా తెలిసొచ్చింది.

మేం చివరికి రాసింది ఇది. యాక్సెస్ గడిలో, చిలుకలగుట్ట మీదికి కెమెరా వెళ్ళదు, గుట్ట కింద ఆగుతుంది, ఎందుకు ఆగిందో సినిమాలోనే చెబుతాం అని రాశాం. బడ్జెట్‌లో అలికే స్త్రీలకు రోజు కూలి పెట్టాం. పూర్తికాని ఎడిటింగ్‌ను ఊళ్ళో చూపించడానికి రెండు రాత్రుల ఖర్చు, వద్దన్న దృశ్యాలు తీసేశాక మళ్ళీ ఎడిట్ చెయ్యడానికి వారం ఖర్చు పెట్టాం. ఫండ్ వాళ్ళు మర్యాదగా జవాబిచ్చారు. ప్రతిపాదన ముఖ్యమైనదేనట, యాక్సెస్ విషయంలో స్పష్టత చాల్లేదట. అంతకంటే స్పష్టంగా ఎలా రాయాలో నాకింకా తెలియలేదు. ఆ కూలి గడినీ ఊళ్ళో ప్రదర్శన గడినీ తియ్యకుండా, అదే ప్రతిపాదనను ఇప్పుడు తెలుగులో రాస్తున్నారు. అమ్మమ్మల దగ్గర మిగిలిన కోయ మాటలు అక్కడక్కడా అలాగే ఉంచుతున్నారు.

ఫుటేజి ఎక్కడ దాచాలన్నది మాత్రం తేలలేదు. 1940ల్లో హైమెండార్ఫ్ మన గోండుల మధ్య తిరిగి తీసిన ఫొటోలూ ఫిల్ములూ లండన్‌లోని సోయస్‌లో భద్రంగా ఉన్నాయి. ఆయనతో సమానంగా ఆ ఊళ్ళలో బతికిన బెట్టి పేరు ఎప్పుడూ రెండో వరసలోనే ఉంటుంది. ఆ బొమ్మల్లోని మనుషుల మనవరాళ్ళు వాటిని చూడాలంటే కంప్యూటరుండాలి, ఇంగ్లీషు రావాలి. ములుగులో సమ్మక్క సారక్క పేరుతో కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయానికి 2023 డిసెంబర్‌లో పార్లమెంటు ఆమోదం తెలిపింది. విశ్వవిద్యాలయాల్లో పనిచేసే మనలాంటివాళ్ళం అక్కడ ఒక దృశ్య భాండాగారం పెట్టమని అడగొచ్చు. అలికే స్త్రీల ఫుటేజి అక్కడుంటే ఏది అందరికీ చూపించాలి, ఏది జాతర రోజుల్లోనే చూపించాలి, ఏది ఆడవాళ్ళకే చూపించాలి అన్నది ఎవరు నిర్ణయిస్తారు? కమిటీలో అలికే స్త్రీలు ఇద్దరైనా ఉండాలని పెద్దామె అంటోంది. ఇద్దరు చాలరు, సగంమంది ఉండాలని చిన్నామె.